ఎండిన చెరువులో నీళ్లు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా ఆయన శ్రీకాంత్ నలుగురిలో నన్ను దెయ్యాల పిచ్చిదాన్ని చేసి నవ్విస్తున్నాడు.

మేం కాలిఫోర్నియాలో, డబ్లిన్ అనే ఊళ్లో ఉంటాం. పోయిన ఆగస్టులో మా ఎనిమిదేళ్ల పాప సాన్విని తీసుకుని ఉత్తరాన ద్రాక్షతోటల వైపు డ్రైవ్‌కి వెళ్లాం. అక్కడొక పాత మఠం ఉంది. వందల ఏళ్ల కిందట యూరప్‌లో క్రైస్తవ సన్యాసులు కట్టుకున్నది. ఎవరో కోటీశ్వరుడు కొని, రాళ్లన్నీ విప్పించి ఓడల్లో తెప్పించాడట. సగం కట్టి ఆపేశారు. కొన్ని కమానులు, మొండి గోడలు, వెనక ఆ రాళ్లతోనే కట్టిన చేపల చెరువులు. ఆ సన్యాసులు మాంసం ముట్టేవాళ్లు కాదు, చేపలు పెంచుకునేవాళ్లట.

చెరువులు ఎండి నెర్రెలిచ్చాయి. మిట్టమధ్యాహ్నం.

గాలికి పాప టోపీ ఎగిరి ఒక చెరువులో పడింది. నడుము లోతు కూడా ఉండదు. "భీమవరం వాణ్ణి, నాకు చెరువు కొత్తా?" అంటూ శ్రీకాంత్ దిగాడు. టోపీ కోసం వంగినవాడు అలాగే ముందుకి పడి, చేతులు కొట్టుకోవడం మొదలెట్టాడు. ఆట పట్టిస్తున్నాడనుకున్నాను.

"మమ్మీ, డాడీ బ్రీత్ చెయ్యట్లేదు!" అని పాప అరిచింది.

గట్టు మీద బోర్లా పడుకుని చెయ్యందుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. బావిలోంచి లాగినంత బరువు. పైకొచ్చి దగ్గుతూ నీళ్లు కక్కాడు. చొక్కా, జీన్స్, బూట్లు అన్నీ కారుతున్నాయి. పాచి వాసన. కింద మట్టి మాత్రం పొడిపొడిగా ఉంది. కారు దాకా శ్రీకాంత్ నా చెయ్యి వదల్లేదు.

కొన్నాళ్ల తర్వాత మా ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందు. పాప ఈ సంగతి అందరికీ చెప్పబోయింది.

"స్ప్రింక్లర్ ఆన్ అయింది, అంతే. మీ అమ్మ దెయ్యాల పిచ్చి నీకూ అంటిందా? అబద్ధాలు చెప్తే ఊరుకోను" అని శ్రీకాంత్ అందరి ముందూ కసిరాడు. అంకుల్స్, ఆంటీలు నవ్వారు. పాప ఏడుస్తూ మేడ మీదకి వెళ్లిపోయింది.

స్ప్రింక్లరా? పచ్చగడ్డి పరకైనా లేని చోట? నా ఒళ్లు మండిపోయింది. అందరూ వెళ్లాక నిలదీశాను. "నీళ్లు కక్కావు కదా. ఎక్కడివి?"

"కాళ్లకి నేల తగల్లేదు. చాలా? ఇంక ఆ మాట ఎత్తకు" అన్నాడు.

ఆ నీళ్లు ఎక్కడివో నాకూ తెలీదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

పాపకి సారీ చెప్పమని ఇప్పటికీ అడుగుతున్నాను. "చెప్తాలే" అంటాడు. చెప్పడు.