మీసాల కాక చూడని ఆఖరి రీలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో నలుపు తెలుపుల్లో ఉన్నదంతా సగంలో ఆగిపోయిన పని అని, దాన్ని పూర్తి చేయడానికే దేవుడు నన్ను గోదావరిఖనిలో పుట్టించాడని. డిగ్రీ అయిపోయి, వేరే ఉద్యోగం దొరక్క, బస్టాండు దగ్గరి ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్న కొత్త. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోతే దినాల లోపల గోడకు పెద్ద ఫోటో కావాలి. వాళ్ల దగ్గరుండేది ఎప్పుడో కంపెనీ కార్డు కోసం తీయించుకున్న అగ్గిపెట్టెంత నలుపు తెలుపు బొమ్మ. దాన్ని నేను పెద్దది చేసి, ముఖానికి రంగు అద్ది, మగవాళ్లయితే కోటు తొడిగేదాన్ని, ఆడవాళ్లయితే పట్టుచీర కట్టేదాన్ని. "మా అవ్వ మెడల గుండ్ల పేరు ఎయ్యి బిడ్డా, బతికున్నప్పుడు చేపియ్యలేకపోయినం" అని కొడుకులు అడిగితే, ఒకటి అడిగిన చోట రెండు వరసలు వేసేదాన్ని. (బంగారం ధర నన్నేనాడూ బాధపెట్టలేదు.) ఫోటో చూసి వాళ్లు ఏడ్చేవాళ్లు. వాళ్లు ఏడ్చినకొద్దీ నాకు గర్వం పెరిగేది.

అలాంటి నా చేతికి మీసాల కాక సినిమా దొరకడం ఆయన దురదృష్టం. మీసాల కాకది మా పక్క క్వార్టర్. మా బాపూ ఆయనా ఒకే బాయిలో (మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటాం) ఒకే గ్యాంగులో ముప్పై ఏళ్లు పనిచేశారు. వాళ్లు పడుచువాళ్లుగా ఉన్నప్పుడు ప్లేడే నాడు, అంటే వారపు సెలవునాడు, కంపెనీ క్లబ్బులో మధ్యాహ్నం ఆట వేసేవారట. అందులో ఒక నలుపు తెలుపు హత్య సినిమా. వానలో పెద్ద బంగళా, మెట్ల కింద జమీందారు శవం, ఇంటినిండా అనుమానం పుట్టించే మనుషులు, ప్రతి మూలా చీకటి. కాక దాన్ని మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ హంతకుడెవరో తెలియకుండానే బయటికొచ్చాడు. మొదటిసారి సెలవైనా డ్యూటీ పడి, రెండో షిఫ్టు కూత వినపడి లేచిపోయాడు. రెండోసారి ఇంటర్వెల్ అవుతుండగానే, ఆయన భార్య, మా చిన్నమ్మకు నొప్పులొచ్చి దవాఖానకు తీసుకుపోయారని ఎవరో వచ్చి చెప్పారు. (ఆ పుట్టినామెకే ఇప్పుడు ఇద్దరు పిల్లలు.) మూడోసారి ఏ అడ్డమూ రాకుండా గట్టిగా కూర్చున్నాడు గానీ ఆఖరి రీలు డబ్బా పొరపాటున శ్రీరాంపూర్ క్లబ్బుకు పోయింది.

ఇంకెవరైనా అయితే పక్కవాణ్ని అడిగి తెలుసుకుని ఊరుకునేవారు. కాక మాత్రం గ్యాంగు మొత్తాన్ని నిలబెట్టి, "ఎవ్వడన్న నాకు చెప్పిండ్రో, వాని సావుకు గూడ నేను రాను" అని తెగేసి చెప్పాడట. అప్పటినుంచి ఆయనకు అదొక ఇష్టమైన వ్యాపకం అయింది. బాయిలో సద్ది విప్పిన చోట, టోపీ లైట్ల వెలుగులో, ఏళ్ల తరబడి ఆ హత్య మీద విచారణ సాగింది. మా బాపు ఇంటికొచ్చి ఆ మాటలు అప్పచెప్పేవాడు.

"ఈ యాడాది ఎవ్వలే?" అని ఎవరో అడిగేవారట.

"వకీలు. వాని నడక మంచిగ లేదు."

"పోయినేడు వంటోడు అంటివి గదా."

"వానికి బెయిలిచ్చిన."

ఇందులో గొప్పేమిటంటే అసలు సంగతి వాళ్లందరికీ తెలుసు. మా బాపు నోట్లో నువ్వుగింజ నానదు. మా అమ్మ వంకాయకూరలో ఉప్పెక్కువేసిన వార్త సాయంత్రానికి కాలనీ చివరిదాకా చేర్చిన మనిషి. ఆయన కూడా ఈ ఒక్క రహస్యం పెదవి దాటనివ్వలేదు.

కాక రిటైరయ్యాడు. కంటి ఆపరేషన్ కూడా అయింది. నల్లద్దాలు పెట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఒకరోజు, "ఇగ శాన ఏండ్లయింది బిడ్డా. ఆ హత్య జేసినోడెవ్వడో చూసి పోవాలె. నీ కంప్యూటర్ల దొరుకుతదా?" అన్నాడు. వారం వెతికితే దొరికింది. ఆ రోజే పెట్టి చూపించి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను నేనే కదా.

"కాకా, గీ గీతలు, గీ బూజు ఏం చూస్తవ్? రంగులేసి ఇస్త."

"ఉన్నదున్నట్టు పెట్టరాదు?"

"ఇన్నేండ్లు ఆగినవ్, రెండు నెలలు ఆగలేవా?"

కాక మీసం సవరించుకుని, ఆగుతానన్నాడు.

స్టూడియోలో గిరాకీ లేని వేళల్లో రెండు నెలలు కూర్చున్నాను. కంప్యూటరు తనంతట తాను కొంత రంగు వేసేది. దాని తెలివికి హీరో ముఖం పసుపు పూసిన గడపలా, పోలీసు బట్టలు గోంగూరలా వచ్చేవి. వాటిని సీను సీనుకూ నేను సరిచేసుకునేదాన్ని. చిక్కంతా శాలువాలతో వచ్చింది. కథ జరిగేది చలికాలం. వకీలు, వంటమనిషి, కాపలావాడు, ఎప్పుడూ దగ్గుతూ అందరికీ నీతులు చెప్పే ముసలి మేనమామ, అందరికీ శాలువాలే, అన్నీ ఒకే బూడిద రంగు. చూసేవాళ్లు తికమక పడతారని మనిషికొక రంగు కేటాయించాను. వకీలుకు నీలం, వంటమనిషికి ఆకుపచ్చ, కాపలావాడికి గోధుమ రంగు, మేనమామకు మెరూన్.

సినిమా మొదట్లోనే, శవం ఉన్న మెట్ల పక్కన, తలుపు చాటున జానెడు శాలువా అంచు కదిలి మాయమవుతుంది. చిమ్మచీకటిలో అది శాలువానో, పరదానో కూడా తెలియదు. నాకు మాత్రం తెలుసు. అది మేనమామది. నిజాయితీగా పనిచేసే మనిషిని, దాని రంగు దానికి వేయకుండా ఎలా ఉంటాను? మెరూన్ వేశాను. మా స్టూడియో యజమాని నా వెనక నిలబడి చూసి, "ఆ మూలకు శాన చీకటున్నది, జర వెలుతురు పెంచరాదు" అన్నాడు. పెంచాను.

ప్లేడే మధ్యాహ్నం మా ముందుగదిలో కాక గ్యాంగంతా దిగింది. చాపలు, మిరపకాయ బజ్జీలు, కిటికీలకు దుప్పట్లు. కాక ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్లిచూపులకొచ్చినవాడిలా కూర్చున్నాడు. సినిమా మొదలైంది. రంగులు చూసి అందరూ ఆహా అన్నారు. శవం కనపడింది. తలుపు చాటున మెరూన్ రంగు కదిలింది. మరుసటి సీనులోనే మేనమామ మెరూన్ శాలువా కప్పుకుని దగ్గుకుంటూ మెట్లు దిగొచ్చి, "అయ్యో, ఎంత ఘోరం" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఇంతమంది ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నది నేను పది నిమిషాల్లో బయటపెట్టాను, అదీ వెలుతురు పెంచి మరీ. మా బాపు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కరెంటు పోతే బాగుండునని మొక్కుకున్నాను గానీ, పక్కన విద్యుత్ కేంద్రం పెట్టుకున్న కంపెనీ క్వార్టర్లలో కరెంటు ఎందుకు పోతుంది? కాక మనవరాలు, ఐదేళ్లది, "తాతా, గా శాలువ" అని నోరు తెరవగానే మా అమ్మ ఆ నోట్లో బజ్జీ పెట్టింది. కారానికి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపులో మరో రెండు సీన్లు గడిచిపోయాయి.

కాక మాత్రం కదల్లేదు. కళ్లార్పకుండా చూస్తూ, నడుమనడుమ "వకీలే, వకీలే" అని గొణిగాడు. గ్యాంగంతా, "ఏమో, వంటోడేమో" అని వంతపాడింది. రెండు గంటల తర్వాత మేనమామ చేతికి బేడీలు పడితే, కాక తొడ మీద చరుచుకుని, "గీ దగ్గుడు ముసలోడా, వార్నీ. కలల గూడ అనుకోలే" అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ముప్పై ఏళ్లు చీకట్లో పనిచేసిన మనిషికి రంగుల తేడా అంతగా తెలియదు కాబోలు అని ఒక సిద్ధాంతం కూడా తయారుచేసుకుని, నాలుగేళ్లు నలుగురికీ చెప్పుకుని తిరిగాను.

పోయినేడు చిన్నమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ, మాటల మధ్య, "ఆ శాలువ కనవడంగనే మీ కాక నా చెయ్యి గిచ్చిండు బిడ్డా, నల్లగ కమిలింది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లేచి కాక దగ్గరికి పోయాను.

"కాకా, మొదట్లనే తెలిసిందట గదా. మరి అంతసేపు ఎట్ల కూసున్నవ్?"

"నువ్వు రెండు నెలలు కూసున్నవ్ బిడ్డా. నేను రెండు గంటలు కూసోలేనా?" అన్నాడు.

సిగ్గు, ప్రేమ, ఏడుపు ఒక్కసారే వచ్చి, "ఇంకో సినిమా చూడు కాకా, ఇస్త" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. మా ఇళ్ల మధ్య గోడ దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు.

"ఇయ్యి. గని రంగులెయ్యకు. ఆఖరి రీలు గూడ కోసెయ్యి."

అలాంటిదే ఇంకో పాత హత్య సినిమా వెతికి, చివరి ఇరవై నిమిషాలు కోసేసి ఇచ్చాను. బొమ్మ వైపు చూడకుండా, గడియారం మాత్రం చూసుకుని కోశాను. హంతకుడెవరో నాకూ తెలియదు, తెలుసుకోను కూడా. కనపడ్డ ప్రతి నీడలోనూ దీపం పెట్టాలని ఉబలాటపడ్డ ఆనాటి స్టూడియో పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. ఇప్పుడు నెలకొకసారైనా కాకా నేనూ గోడకు అటొకరం ఇటొకరం నిలబడి వాదులాడుకుంటాం. ఆయనకు తోటమాలి మీద అనుమానం. నాకైతే ఆ విధవ అత్తగారి మీదే.