కూత తెగేదాకా

మొన్న సాయంత్రం మా మనవరాలు ఖోఖో ఆడి వచ్చి, గుమ్మం దగ్గర బూటు విప్పడానికి వంగకుండా, గోడకి ఆనుకుని రెండో కాలితో దాన్ని తోసేసింది. ఏటైందే అంటే, "కుఛ్ నహీ తాతా" అని నవ్వేసింది. మోకాలు వాచింది. తెలిస్తే జట్టులోంచి తీసేస్తారని దాస్తోంది. దాచడంలో ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నన్ను మించినవాడు లేడు కాబట్టి, నా దగ్గర దాని ఆటలు సాగలేదు.

నాదీ మోకాలే. ఎనభైల మొదట్లో మా మావయ్య నన్నూ మా అమ్మనూ శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి తీసుకొచ్చేటప్పటికి నాకు బడి తెలీదు, అక్షరం తెలీదు, తెలిసిందల్లా కబడ్డీ కూత ఒక్కటే. షెడ్డు వెనక బొగ్గునుసి పరిచిన మైదానంలో మన తెలుగువాళ్ళతో ఆడుతుంటే చూసిన పెద్దలు నన్ను రైల్వే జట్టులోకి తీసుకున్నారు, ఆ ఆట పుణ్యాన వ్యాగన్ షెడ్డులో బరువులు మోసే ఖలాసీ ఉద్యోగం వచ్చింది. ఒకరోజు కూతకి వెళ్ళినప్పుడు ఎదుటివాళ్ళు చీలమండ పట్టేశారు. ఒళ్ళంతా తిరిగింది, మోకాలు మాత్రం తిరగలేదు.

ఆ రాత్రి క్వార్టరు వరండాలో మావయ్య తీర్పు చెప్పాడు. "రైల్వే ఆస్పత్రికి ఎల్లేవంటే అన్‌ఫిట్ అని రాసెత్తారు. ఆ ముక్క రాసీసేక ఉజ్జోగం ఉంటదేటి?" ఆయన ఒక్కడి మాట కాదది, మన ఇళ్ళన్నిటిలో ఉన్న భయమే. చూపు మందగించినవాళ్ళు కంటి పరీక్ష బోర్డును బట్టీపట్టి మరీ వెళ్ళేవారు, ఈ కాలనీలో పెరిగి ఇది చదువుతున్న మీలో కొందరి నాన్నలూ ఆ పని చేసే ఉంటారు. అందుకని, ఊరి పక్కన అప్పటికింకా పల్లెగానే ఉన్న మంగ్లాలో ఒకాయన చేత కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టించారు. నేను మావయ్య సైకిలు వెనక కూర్చుని డ్యూటీకి వెళ్ళి, గోడల వెంబడి నడుస్తూ కుంటు దాచాను. వాపు తగ్గిందనిపించగానే మళ్ళీ బరిలో దిగాను. ఈసారి పడినవాణ్ణి లేవలేదు, కాలు వంగదు, చాచుకోదు. జట్టువాళ్ళు మావయ్యను అడక్కుండానే నన్ను తోపుడుబండి మీద వేసి ఆస్పత్రికి తోసుకుపోయారు.

డాక్టరు చెడామడా తిట్టాడు. మొదటిరోజే వచ్చుంటే మళ్ళీ ఆడేవాడివి, ఇక ఆట లేదు, బరువులెత్తే పనికి అన్‌ఫిట్ అన్నాడు. ఆ మాటల్లో మా అమ్మకి అన్‌ఫిట్ అన్నదొక్కటే వినపడి నేలమీద కూలబడింది. విజయనగరం వైపు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ అమ్మ భుజం పట్టుకుని లేపింది. "ఏటమ్మా ఆ ఏడుపు? ఆ పనికి పనికిరాడన్నారు గానీ ఇంటికి పొమ్మన్నారేటి? కూర్చునే పనేదో ఇస్తారు, జీతం ఇస్తారు." అమ్మ మళ్ళీ మళ్ళీ అడిగి నిర్ధారించుకుని, అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది. మావయ్య మాత్రం "అచ్ఛా" అని, వారం తిరక్కుండా తాను ఏళ్ళ తరబడి దాచుకున్న వరిబీజాన్ని తెచ్చి అదే డాక్టరుకి చూపించుకున్నాడు.

ఉద్యోగం నిలిచింది సరే, ఆట లేకపోతే నేనెవణ్ణి? ఆపరేషనయ్యాక గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. పక్కమంచం మీద పట్టాల గ్యాంగులో పనిచేసే మన పెద్దాయన ఉండేవాడు, కట్టు విప్పినా కాలు వంచనని కసరత్తు గదిలో ఒకటే గోల. ఓ రోజు విసుగొచ్చి అన్నాను. "ఏటయ్యా ఆ అరుపులు? నేను కూత పెడతాను. కూత తెగేదాకా కాలు వంచే ఉంచు. ముందే దించేవో, నువ్వు అవుటు."

"నీ కూత ఏపాటిదో నానూ చూత్తాను," అన్నాడాయన, తనూ ఒకప్పుడు ఆడినవాడే.

కబడ్డీ కబడ్డీ అంటూ పట్టాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, కాలు దించలేదు, నా కూత తెగగానే "నువ్వే అవుటురా" అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. మర్నాడు మిగతావాళ్ళూ కూత పెట్టమన్నారు. ఈ గోలేమిటని వచ్చిన డాక్టరు గుమ్మంలో నిలబడి విన్నాడు, నా కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళాడు. నాకిచ్చిన తేలికపని ఆ గదిలోనే. రిటైరయ్యేదాకా ఖలాసీల, డ్రైవర్ల, ఆటగాళ్ళ కాళ్ళు చేతులు తిట్టి మరీ వంచాను. ఎవరిది ఏ కాలో కార్డు మీద చదవాలి కాబట్టి ఆ నర్సమ్మే హిందీ అక్షరాలు దిద్దించింది, పెళ్ళయ్యాక తెలుగు మా ఆవిడ నేర్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది ఆ విరిగిన ఆట వల్లే.

మనవరాల్ని మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. నరం కాస్త సాగింది, అంతే, విశ్రాంతి తీసుకుని కసరత్తు చేస్తే ఆడుతుందన్నారు. అక్కడే కుర్చీలో కూలబడి, అమ్మ ఆనాడు వదిలిన ఊపిరి లాంటిదే నేనూ వదిలాను.

ఇప్పుడు ఆ బొగ్గునుసి మైదానంలో కార్లు నిలుపుతున్నారు. మా క్వార్టర్ల వరస పడగొట్టారు. కసరత్తుకి ఎంతసేపు కాలు వంచాలో ఫోను గంట కొట్టి చెబుతుంది. దాన్ని కట్టేయవే అని నిన్న సాయంత్రం నేనే కూత పట్టాను. ఒకప్పుడు గదిలో అందరి కాళ్ళనూ వంచి నిలిపిన నా ఊపిరి సగంలోనే తెగిపోయింది. పిల్ల కాలు దించలేదు. "తాతా ఆవుట్" అని నవ్వి, తెలుగు బోర్డు కూడా చదవలేని ఆ పిల్ల, నేను వదిలిన చోటునుంచి తానే కూత అందుకుంది.