ఆటవస్తువులని రాసిన బిల్లు

దుబాయి వెళ్తున్నానని తెలిసిన రోజు నుంచి మా ఆఫీసులో నాకు మర్యాద పెరిగింది. ముంచింగిపుట్టు మండలంలో కాఫీ రైతుల సంఘానికి నేను కొనుగోలు సూపర్‌వైజర్ని. మాది విజయనగరం వైపు మైదానపు ఊరు. కొండల మీద ఉద్యోగానికి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. దుబాయిలో జరిగే కాఫీ ప్రదర్శనకి మా సంఘం తరఫున ముగ్గురిని పంపుతున్నారు, అందులో నేనొకదాన్ని. మా మేనేజరుకి ఫోను కావాలి, ఆయన తోడల్లుడికి లాప్‌టాప్, డ్రైవరుకి చేతి గడియారం. అక్కడ అన్నీ చవక అని అందరికీ తెలుసు. ఎందుకు చవకో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, చివర్న అడిగింది ఆశా కార్యకర్త. మేము కాఫీ పళ్ళు కొనే షెడ్డుకి పైన కొండ మీది ఊరు ఆమెది. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది. వానైనా మంచైనా ప్లాస్టిక్ సంచిలో రిజిస్టరు చుట్టుకుని దిగి వచ్చేది. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలోంచి కూర తీసుకుని, తను తెచ్చిన సోలు అంబలి, అంటే రాగి జావ, నా గ్లాసులో పోసేది.

"మేడమ్, టవర్ లేకపోయినా మాటలాడుకునే మిషన్ అక్కడ దొరుకుతాదేటి?" అంది.

ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. ఆ షెడ్డు రోడ్డు పక్కన ఉంది. అక్కడ గుమ్మం దగ్గర నిలబడితే ఫోనుకి ఒక గీత సిగ్నలు వస్తుంది. ఆమె ఊరు అక్కడినుంచి గంటన్నర నడక, ఆ దారిలో ఎక్కడా సిగ్నలు లేదు. ఆ వానాకాలంలో నొప్పులు పడుతున్న ఒకామెను డోలీలో షెడ్డు దాకా మోసుకొచ్చాకగానీ అంబులెన్సు బండికి ఫోను చెయ్యడం కుదరలేదు. బండి రావడానికి ఇంకో రెండు గంటలు. బిడ్డ దక్కలేదు. డోలీ ఊరు దాటేటప్పుడే కబురు అందితే రెండూ ఒకేసారి షెడ్డు దగ్గర కలిసేవి. ఆమె ఆ రోజు నుంచి అదే మాట తలుచుకుంటోంది.

"దొరికితే తెస్తాను," అన్నాను.

దుబాయిలో రెండో సాయంత్రం పాత బజారుకి వెళ్ళాను. గాజు అద్దాల వెనక ఫోన్లు, కెమెరాలు చేపల సంతలోలా పరిచి ఉన్నాయి. ఒక షాపులో నేను మేనేజరుతో ఫోనులో మాట్లాడుతుంటే కౌంటరు వెనకున్న మనిషి నవ్వుతూ చూశాడు.

"ఏ ఊరండి మనది? మాట ఇనగానే మనోలే అనుకున్నాను," అన్నాడు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. పద్నాలుగేళ్ళుగా అక్కడే పని చేస్తున్నాడట.

మనవాడు దొరికాడన్న ధైర్యంతో అడిగాను. "కంపెనీ అదే, పెట్టె అదే. విశాఖపట్నంలో ఒక ధర, ఇక్కడ ఒక ధర. ఏమిటి తేడా?"

"మన కాడ సరుకు దిగిన దగ్గర్నించి సుంకమండి. దాని మీద మళ్ళీ జీఎస్టీ. ఇక్కడ పన్ను కొంచివే, సూడ్డానికొచ్చినోళ్ళకి అదీ ఎయిర్‌పోర్టులో తిరిగిచ్చేత్తారు." ఆయన ఒక ఫోను పెట్టె తిప్పి అడుగున ఉన్న అక్షరాలు చూపించాడు. "ఇదింకా తక్కువ. ఎందుకంటే ఇది ఇంకో దేశం కోసం సేసింది. మన కాడ వారంటీ సెల్లదు. పాడయితే ఎవుడూ ముట్టుకోడు. ధర తగ్గిందంటే ఏదో ఒకటి అందులోంచి తీసేసినట్టేనండి. పన్నయినా, పూచీ అయినా."

నేను నవ్వాను. మేనేజరు ఫోనూ, గడియారమూ కొన్నాను. లాప్‌టాపు కీల మీద అరబ్బీ అక్షరాలు ఉన్నాయని వదిలేశాను. అప్పుడే పై అరలో పసుపురంగు వాకీటాకీల జత కనబడింది. పెట్టె మీద మంచు కొండల బొమ్మ ఉంది. చాలా దూరం పని చేస్తాయట. ఆ ధరకి మా ఊళ్ళో మంచి ప్రెషర్ కుక్కర్ కూడా రాదు.

"ఇయి ఇక్కడ వాడ్డానికి కాదండి, బయట దేశాలోళ్ళు పట్టికెల్తారు," అన్నాడాయన. "మీకెందుకు?"

చెప్పాను. ముంచింగిపుట్టు పేరు వినగానే పెట్టె మీదున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒడిశా బోర్డరు కాడ కదండీ అది? మన దేశంలో ఇలాంటి వాటికి పర్మిషన్లుంటాయి. పర్మిషన్ ఉన్న సెట్టు ఇంత సవగ్గా రాదు."

"ప్రసవాల కోసమండీ. చెడ్డ పనికి కాదు."

"మీరు సెడ్డ పని సేత్తారని నేనన్నేదు," అన్నాడు. నేను డబ్బు బల్ల మీద పెట్టాను. బిల్లు పుస్తకం తీసి, "మరి దీని మీద ఏటి రాయమంటారు?" అని అడిగాడు.

"మీ ఇష్టం."

ఆటవస్తువులు అని రాశాడు. బిల్లు మడిచి పర్సులో పెట్టుకున్నాను.

తిరిగొచ్చాక విమానాశ్రయంలో నా పెట్టె తెరిచినవాళ్ళు ఫోను గురించీ గడియారం గురించీ అడిగారు. వాకీటాకీల పెట్టెని పక్కకి జరిపారు. ఎవరూ అడగకపోతే సంతోషించాలి. నేను ఇల్లు చేరేదాకా పర్సులో ఆ బిల్లు ఉందో లేదో చూసుకుంటూనే ఉన్నాను.

పళ్ళ సీజను మొదలైంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నేను షెడ్డులోనే. ఒక సెట్టు నా బల్ల మీద, రెండోది ఆమె దగ్గర. మొదటి రోజు కొండ మీంచి ఆమె గొంతు గరగరమంటూ, "మేడమ్, ఇనబడతందా?" అని వచ్చినప్పుడు కాటా దగ్గర నిలబడ్డ రైతులంతా కేకలు వేశారు. పదిహేను రోజుల్లో రెండుసార్లు అక్కరకి వచ్చింది. ఒకసారి జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లకి, ఒకసారి చెట్టు మీంచి పడ్డ ముసలాయనకి. బండీ డోలీ ఒకేసారి వచ్చాయి. నన్ను చూస్తే ఆ ఊరివాళ్ళు దణ్ణం పెట్టేవారు. నాకు గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

మూడో వారంలో ఒక ఉదయం ఆమె దిగి వచ్చి, సెట్టుని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఎవరో మగోడున్నాడు మేడమ్."

"సినిమా పాటలేవో పట్టి ఉంటుంది," అన్నాను.

"పాట కాదు. నిన్న నేను మీకు సెప్పిన మాటే మళ్ళీ సెప్పాడు. ముందు ఒరియాలో. ఆనక తెలుగులో. 'కొండ మీద ఎంతమంది' అని అడిగాడు."

నేను మీట నొక్కి ఆన్ చేశాను. వాన చప్పుడులాంటి హోరు తప్ప ఏమీ లేదు. ఆ హోరు మధ్యలో ఎవరో దగ్గరగా ఊపిరి తీసుకున్నట్టు ఒక చిన్న శబ్దం. ఆపేశాను.

ఒరియాలో మాట్లాడిన ఆ మగవాడు ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు. రోడ్డు మలుపులో సాయుధ బలగాల క్యాంపు ఉంది. అడవిలో ఇంకా కొందరు నక్సలైట్లు మిగిలి ఉన్నారని జనం చెప్పుకునేవారు. ఎవరైనా కావచ్చు. ఆ వారం సంతలో మిరియాలు బేరమాడుతూ ఒక కొత్త మనిషి, రేడియోలో మాట్లాడే ఆడమనిషి ఎవరని అడిగాడట. ఎవరూ చెప్పలేదట. ఆ మాట మూడు నోళ్ళు మారి నా దగ్గరకి వచ్చింది. ఇకమీదట సెట్లు ముట్టుకోవద్దని మేమిద్దరం అనుకున్నాం. ఆమె తన సెట్టు వెనక్కి పట్టుకెళ్ళింది. "ఉండనీయండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్ప ముట్టను," అంది. పట్టుకెళ్ళనిచ్చాను.

ప్రాణం మీదికి వచ్చిన రోజు తొందరగానే వచ్చింది. డిసెంబరు. పదిగంటలైనా మంచు విడవలేదు, కాటా ముల్లు కూడా దగ్గరికి వంగి చూడాల్సి వస్తోంది. నా సెట్టు బల్ల సొరుగులో ఉంది. దాన్ని ముట్టుకోకూడదనే అనుకున్నాను, కానీ రోజూ పొద్దున్న రాగానే ఆన్ చేస్తూనే ఉన్నాను. సొరుగులోంచి ఆమె గొంతు వచ్చింది.

"మేడమ్, కాళ్ళు ముందొస్తన్నాయి. డోలీ కట్టేశాం. బేగి బండికి ఫోన్ సెయ్యండి."

నేను జవాబు చెప్పేలోపల ఇంకో గొంతు వచ్చింది. తొందర లేని గొంతు. "ఆగండి. ఎవరు మాట్లాడుతున్నారు? ఎక్కడున్నారు?"

సెట్టుని సొరుగులోనే వదిలేసి గుమ్మం దగ్గరకి పరిగెత్తి బండికి ఫోను చేశాను. వెనక నుంచి ఆ గొంతు అదే ప్రశ్న అడుగుతూనే ఉంది. ఈసారి ఆమె జవాబు చెప్పింది. తన పేరు చెప్పింది, ఊరు పేరు చెప్పింది. "కానుపు మనిషిని దింపుతన్నాం, దారిలో మమ్మల్ని కాల్చకండి," అంది.

బండీ డోలీ పావుగంట తేడాతో వచ్చాయి. బండిలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బతికారు.

మర్నాడు పొద్దున్నే క్యాంపు నుంచి మనుషులు వెళ్ళి ఆమెను, సెట్టును తీసుకుపోయారు. నాకు తొమ్మిదింటికి తెలిసింది. నా సెట్టుని కాఫీ పొట్టు బస్తాలో అడుగుకి తోసి, పైన కూర్చుని, రోజంతా పళ్ళు తూకం వేయించాను. ఆమె నా పేరు చెబుతుందని ఎదురుచూశాను. ఏ జీపు చప్పుడైనా నాకోసమే అనిపించింది. ఎవరూ రాలేదు. ఆమె చెప్పలేదు. నేను ఈ జ్ఞాపకం రాయడానికి కారణం ఆ ఒక్క రోజు.

రెండో రోజు పొద్దున బస్తాలోంచి సెట్టు తీసి, బిల్లు పట్టుకుని క్యాంపుకి వెళ్ళాను. అక్కడి అధికారి నన్ను కూర్చోమన్నాడు. బిల్లు చదివి నా మొహం వంక చూశాడు.

"ఆటవస్తువులా?"

నేను సెట్టుని ఆయన బల్ల మీద పెట్టాను.

"అక్కడ చవగ్గా దొరికిందని కొన్నారు. ఇక్కడ చవగ్గా ఎందుకు దొరకదో ఒక్కసారి ఆలోచించారా? మీరు వాడిన ఫ్రీక్వెన్సీ మీదే మా వాళ్ళు మాట్లాడుకుంటారు. వాళ్ళు ఆ కొండ కిందే ఉన్నారు నిన్నటిదాకా. ఆవిడ కానుపు అని చెప్పకపోయి ఉంటే..." ఆయన బిల్లు మడిచి పక్కన పెట్టాడు. చేతులు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. గట్టిగా తిట్టి ఉంటే నాకు బాగుండేది.

రెండు సెట్లూ ఉంచేసుకుని నా చేత ఒక కాగితం రాయించుకున్నారు. సాయంత్రం ఆమెను వదిలేశారు. ఎవరూ కొట్టలేదని తనే చెప్పింది. నేను మా సంఘం జీపులో షెడ్డు దాకా దింపాను.

అసలు కష్టం పైన ఊళ్ళో మొదలైంది. రెండే రోజుల్లో వదిలేశారంటే ఏం చెప్పి వచ్చిందని జనం అనుకున్నారు. ఆమె గడప దాటితే మాటలు ఆగిపోయేవి. టీకాలకి పిలవబోతే సూదులు వద్దని తల్లులు పిల్లల్ని లోపలికి తీసుకుపోయారు. ఒక ఉదయం ఆమె ఇంటి తలుపు మీద బొగ్గుతో పెద్ద గీత ఒకటి గీసి ఉంది. అక్షరం కాదు, బొమ్మ కాదు, ఒట్టి గీత. ఎవరు గీశారో, ఏమిటి దాని అర్థమో ఎవరూ చెప్పలేదు. ఆ వారంలోనే ఆమె భర్తనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని డొంకరాయిలో అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

వేసవిలో నేను డొంకరాయి వెళ్ళాను. ఒక మెస్సులో గిన్నెలు కడుగుతోంది. చేతులు తుడుచుకుని వచ్చి, అదే మనిషిలా పలకరించింది. టీ తెచ్చింది. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని, ఆఫీసు సంగతులేవో చెప్పాను.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?" అని చివరికి అడిగాను.

"మీరొస్తారని తెలుసు కదా మేడమ్. మీరే సెప్పుకుంటారని ఆగేను," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నేను ఒక రోజు ఆలస్యం చేశానని ఆమెకి తెలుసో లేదో అడగలేకపోయాను.

ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "ఆ గుంట ఎలాగుంది? బండిలో పుట్టింది. సూదులేయిస్తన్నారా?" అంది.

పైన ఊరికి ఇంకా కొత్త ఆశా కార్యకర్తను వెయ్యలేదు. వానాకాలం నెల రోజుల్లో ఉంది. అప్పటికి అయిదు నెలలుగా నేను ఆ కొండ ఎక్కలేదు.

"బాగుంది," అన్నాను.