మడవ కట్టేసిన చప్పుడు

డెబ్బయ్యో దశకం చివర్లో మా తమ్ముడికి నా కిడ్నీ ఒకటి ఇచ్చాను. మాది చోడవరం దగ్గర పల్లె. కాలవ గట్టుకు మడవ తీసి చెరకు చేలకు నీరు కట్టుకోవడం తప్ప ఆసుపత్రులు ఎరగని వాళ్లం. ఆపరేషను మద్రాసులో జరిగింది. ఆ తర్వాత డాక్టరుగారు రోజూ తమ్ముడి పొట్ట మీద పెన్నులాంటి పరికరం ఆనించి, కిడ్నీలో రక్తం పారే చప్పుడు చిన్న స్పీకరులో వినేవారు. కాలవ పారినట్టు తెంపు లేకుండా వినిపించేది.

ఒకరోజు ఆ చప్పుడు మారింది. టక్, టక్‌మని గట్టిగా కొడుతోంది. కిడ్నీ బలం పుంజుకుందనుకుని నేను నవ్వాను. డాక్టరుగారు నవ్వలేదు.

“గట్టిగా కొడితే చాలదమ్మా. దెబ్బకీ దెబ్బకీ మధ్య కూడా రక్తం పారాలి. కిడ్నీ లోపల బిగుసుకుపోతోంది, రక్తాన్ని రానివ్వడం లేదు” అన్నారు.

తమ్ముడు కళ్లు మూసుకుని విన్నాడు.

“సేలోకి నీరెళ్లకుండా మడవ కట్టేస్తే ఇలాగే ఎనక్కి కొడతాది అక్కా” అన్నాడు నెమ్మదిగా.

తర్వాత డాక్టరుగారిని బతిమాలి ఆ పెన్ను నా నడుముకు పెట్టించాడు. నాకు మిగిలిన కిడ్నీలో రక్తం ఆగకుండా పారుతోంది. వాడి ముందు ఆ చప్పుడు వినలేక తీసెయ్యమన్నాను.

“ఉండనీ అక్కా, కాసేపు ఇననీ” అన్నాడు.

తమ్ముడి ప్రాణం కన్నా ముందే వాడి పొట్టలో ఆ చప్పుడు ఆగిపోయింది. ఇప్పటికీ చేలో ఎవరైనా మడవ కట్టడానికి పార ఎత్తితే, నేను అక్కడ నిలబడలేను.