గుండె ఉన్న మనిషి, గ్రీన్ టీ

మా ఊళ్లో టీ రుచి కోసం తాగేది కాదు. బస్సు ఆగే చోట రోడ్డుకు ఈ పక్కన ఒక టీ అంగడి, ఆ పక్కన ఇంకొకటి ఉండేవి. ఈ పక్కది మా పార్టీది, ఆ పక్కది వాళ్ల పార్టీది. మా వైపు పార్టీ అంటే ఎన్నికల గుర్తు ఒక్కటే కాదు. ఎవరి వెనక నడుస్తారు, ఎవరి పెళ్లికి పోతారు, ఎవరు ఎదురైతే తల తిప్పుకుంటారు అన్నదంతా అందులోకే వస్తుంది. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే బస్సు దిగిన కొత్త మనిషి తెలియక ఏదో ఒక అంగట్లో కూర్చుని టీ అడిగితే, అతను గ్లాసు కింద పెట్టేలోగా అతనిది ఏ పార్టీయో ఊరు తేల్చేసేది. చిన్నప్పుడు నాకు ఇదేమీ వింతగా తోచలేదు. ప్రొద్దుటూరులో టీచరుగా చేరాక, అక్కడ జనం ఎక్కడ టీ బాగుంటే అక్కడికి పోవడం చూసి ఆశ్చర్యపోయాను.

మా నాయన మా పార్టీ అంగట్లో బల్ల చివర కూర్చునేవాడు. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. నాయన కాలానికి కొంచెం శనగ, పొద్దుతిరుగుడు వేసుకునే భూమి కూడా సమకూరింది. ఆయన నాయకుడేమీ కాదు. కానీ గొడవలు ముదిరిన కాలంలో ఒక ఎన్నికప్పుడు, పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చోమంటే మీసాలు తిప్పేవాళ్లంతా ఏదో ఒక పని చెప్పి తప్పుకున్నారు. నాయన పోయి పోలింగ్ అయ్యేదాకా కూర్చుని వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన 'గుండె ఉన్నోడు'. మా సీమలో మగవాడికి అంతకు మించిన బిరుదు లేదు. తర్వాత ప్రతి ఎన్నికకూ ఆయనే ఏజెంటు. ఆ పని వల్ల ఆయనకు పదవి రాలేదు, పలుకుబడి రాలేదు. మిగిలిందల్లా ఆ ఒక్క మాటే.

అలాంటి మనిషికి శనగ చేలో ఛాతీ పట్టేసింది. జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతే వాళ్లు ప్రొద్దుటూరుకు పంపారు. కబురు అంది నేను పరుగెత్తేసరికి, ముక్కుకు గొట్టం పెట్టి పడుకోబెట్టి ఉన్నారు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"మ్మే, ఊర్లో గ్యాస్ అని చెప్పు."

"గుండె నొప్పిని గ్యాస్ అని ఎందుకు చెప్పల్ల నాయనా?"

"గుండె పోయిందంటే ఇంగ నన్ను ఎవురు లెక్క చేస్తారు? గ్యాస్ అని చెప్పు."

ప్రాణం మీదికి వచ్చినా ఈయన పరువు ఈయనదేనని నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ధైర్యానికీ, రక్తాన్ని తోసే కండకూ మనకు ఒకటే పేరు. మిగతా చోట్ల దానివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు. మా ఊళ్లో మాత్రం గుండె బాగాలేదంటే, మనిషి పిరికివాడైపోయాడని వినిపిస్తుంది.

ఇంటికి పంపే రోజు డాక్టరు రోజుకు ఎన్ని టీలు తాగుతారని అడిగాడు. నాయన గోడవైపు చూశాడు. లెక్కే లేదని నేను చెప్పాను. చిక్కగా మరిగిన పాల టీ, గ్లాసు అడుగున కరగకుండా మిగిలిపోయేంత చక్కెర, చేతిలో బీడీ. డాక్టరు తల పట్టుకున్నాడు.

"బీడీ ఈ రోజుతో ఆఖరు. ఆ టీ కూడా మానేయండి. ఉండలేకపోతే గ్రీన్ టీ తాగండి, చక్కెర లేకుండా. రోజూ తాగేవాళ్లకు గుండెకు కొంత మేలు జరగొచ్చు అంటారు. అలాగని అదే మందనుకోవద్దు. మాత్రలు మానేసి దాన్ని బిందెలతో తాగినా లాభం లేదు."

నేను సెలవు పెట్టి, ప్రొద్దుటూరులోనే ఒక డబ్బా కొనుక్కుని, నాయనతో పాటు ఊరికి వచ్చాను. మరుసటి రోజు దారం కట్టిన ఆ చిన్న సంచిని వేడినీళ్లలో ముంచుతుంటే ఆయన వింతగా చూశాడు.

"తాయెత్తు నీళ్లలో ముంచుతాండావు, ఏందిది?"

"గ్రీన్ టీ. పచ్చ టీ."

"పచ్చి టీనా? కాచనే లేదా?" అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి.

నాయన ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "ముందు గొర్రెలకు పోసి చూడు. అవి తాగితే నేనూ తాగుతా."

నేను గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడ్డాను. నేను ఆయన కూతుర్నే కాబట్టి, మొండితనంలో ఆయనకు తీసిపోను.

చిక్కు అంగట్లో వచ్చింది. ఊళ్లో గ్యాస్ అనే చెప్పాం, కానీ గ్యాస్‌కు మా ఊళ్లో ఎవరూ టీ మానరు. నాయన అలవాటు కొద్దీ పోయి బల్ల మీద కూర్చునేవాడు. టీ ఇస్తే "వద్దప్పా, ఇప్పుడే తాగినా" అనేవాడు. ఇంకే ఊళ్లోనైనా ఆ మాట అక్కడితో అయిపోయేది. మా ఊళ్లో అప్పుడే కథ మొదలైంది. ఇప్పుడే తాగినాడంటే, యాడ తాగినాడు? పైగా ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. దానికి తోడు అమ్మ పక్కింటామెతో పచ్చ టీ సంగతి చెప్పింది. మా ఊళ్లో పచ్చ అంటే రంగు కాదు, ఎదుటి పార్టీకి జనం పెట్టుకున్న పేరు. ఇంకేముంది, నాయన పచ్చ టీకి మరిగాడని ఊరంతా గుప్పుమంది.

ఒక సాయంత్రం మా పార్టీ పెద్దమనిషి ఒకాయన ఇంటికి వచ్చాడు. నవ్వుతూనే కూర్చున్నాడు. ఆ నవ్వు చూసి అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

"ఏం మామా, మన టీ చేదెక్కిందంటనే?"

"అట్లేం లేదప్పా."

"రేపు పొద్దున ఒకతూరి రా మామా. అందరి ముందర ఒక టీ తాగు. పిల్లోళ్లు ఏదేదో అంటాండారు."

"వస్తాలే."

ఆయన గడప దాటగానే నేను నాయన మీద పడ్డాను. జబ్బు సంగతి ఒక్క ముక్క చెబితే పోయేదానికి ఇదంతా ఏందని అడిగాను. ఆయన అరవలేదు. నిదానంగా చెప్పాడు.

"పార్టీ మారినాడంటారా, రేపు ఆ టీ తాగితే అది పోతాది. గుండె పోయినోడు అంటే సచ్చేదాకా పోదు మ్మే."

పొద్దున ఆయన వెనకే వెళ్లాను. మా ఊళ్లో ఆడవాళ్లు ఆ అంగడి ముందు ఆగరు. నేను ఆగాను. నాయన ఒక గ్లాసు తాగేశాడు. ఇంకొకటి చేతికిచ్చారు. అదీ తాగాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒకడు బీడీ ముట్టించి అందించాడు, నాయన తీసుకున్నాడు. అది నోటి దాకా పోతుంటే నాకు ఇంకేమీ కనిపించలేదు.

"మా నాయన ఆ పక్క అంగట్లో టీ తాగలేదు. ఆయనకు గుండె జబ్బు. ఆ బీడీ తాగితే సస్తాడని డాక్టరు చెప్పినాడు. రేపు ఆయన సస్తే మీలో ఎవురు నాకు నాయనవుతారో ఇప్పుడే చెప్పండి!"

ముందురోజు ఇంటికి వచ్చిన పెద్దమనిషే లేచి, నాయన చేతిలో బీడీ తీసి కింద పడేసి తొక్కాడు. "ముందే చెప్పకూడదా మామా" అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు బెదిరింపు లేదు, జాలి ఉంది. జబ్బు చేసిన గొర్రెను మందలో నుంచి తీసి పక్కన కట్టేసేటప్పుడు మా ఇంట్లో అలాగే మాట్లాడతారు. నాయన తల ఎత్తలేదు.

ఆ ఎన్నికకు ఆయన్ను ఏజెంటుగా కూర్చోబెట్టలేదు. ఎవరో కుర్రవాణ్ణి పెట్టారు. నాయన పోయి ఓటు వేసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఓటు వేయడానికి ప్రొద్దుటూరు నుంచి మళ్లీ వచ్చిన నాతో పలకలేదు. అంగట్లో నేను నోరు తెరిచినప్పటి నుంచీ పలకడం లేదు. నేనిచ్చిన గ్లాసు మాత్రం తీసుకునేవాడు, మాత్రలు వేసుకునేవాడు. నేను చేసింది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. అయినా ఆ వీపు చూస్తే ఏడుపొచ్చేది.

పోలింగ్ అయిన మరుసటి రోజు, మసక చీకటి పడుతుండగా, దొడ్డిదారిన ఒకామె వచ్చింది. ఎదుటి పార్టీ ఏజెంటు భార్య. ఆ ఏజెంటూ నాయనా ప్రతి ఎన్నికలోనూ ఒకే గదిలో పొద్దంతా ఎదురెదురుగా కూర్చున్నవాళ్లే, కానీ ఏనాడూ పలకరించుకోలేదు. ఆమె మా గుమ్మం తొక్కడం అదే మొదలు. చెంగు నెత్తి మీదికి లాక్కుని అమ్మతో గుసగుసగా అడిగింది.

"అక్కా, మీ ఆయప్ప తాగే ఆకు రవంత ఇస్తావా? మా ఆయప్పకు ఛాతీలో పట్టుకుంటాది. గ్యాస్ అంటాడు."

అమ్మ భయంగా లోపలికి చూసింది. నాయన అప్పటికే లేచి దొడ్డి గుమ్మం దాకా వచ్చి ఉన్నాడు. ఆమె వెనక్కి అడుగు వేసింది. ఆయన నావైపు తిరిగాడు.

"ఆ డబ్బా తెచ్చియ్యి మ్మే."

తర్వాత ఆమెతో అన్నాడు. "ఈ ఆకుతో అయ్యే పని కాదు తల్లీ. అది గ్యాస్ కాదు, గుండె జబ్బు. నాకుండేదీ అదే. రేపే ప్రొద్దుటూరికి పిలుచుకోని పో. రానంటాడు. నేను చెప్పినానని చెప్పు. నిన్న బూత్‌లో చూసినాడు గదా, నేను లేకున్నా ఓట్లు పడినాయి. తను లేకున్నా పడతాయని చెప్పు."