దసరా బొట్టు పెట్టిన బ్యాటరీ

నా మొదటి ల్యాప్‌టాప్ నిండా ఛార్జింగ్ ఎక్కించినా నలభై నిమిషాలకు మించి బతికేది కాదు. విజయవాడలో ఎవరో వాడి వదిలేసినదాన్ని కొనుక్కొచ్చుకున్నాను. చల్లపల్లిలో నాకు అప్పుడు చిన్న డీటీపీ సెంటరు ఉండేది. శుభలేఖలు, ప్రశ్నపత్రాలు, అర్జీలు తెలుగులో టైపు చేసి ఇవ్వడం నా పని. రెండువేలు దాటి నాలుగైదేళ్లయిన రోజులవి, మా బజారులో ల్యాప్‌టాప్ చూడ్డానికే జనం వచ్చేవారు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు తగ్గిందని మా ఇంట్లో ఎవరూ అనరు.

హంసలదీవి వైపు ఒక చేపల పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్లు చేపల్ని ఇసుకలోనే ఎండబెట్టేవారు. ఇసుక అంటిన ఎండు చేపను బేరగాళ్లు పక్కకు నెట్టేస్తారు. నాలుగు చినుకులు పడ్డాయంటే అదీ పురుగు పట్టిపోయి పారబోసుకోవాల్సిందే. చేపలు ఎండబెట్టుకోవడానికి ఎత్తుగా ఒక సిమెంటు గచ్చు కట్టించమని మూడేళ్లపాటు అర్జీలు పెట్టుకున్నారు. ఆ అర్జీలన్నీ నేనే టైపు చేశాను. చివరికి గచ్చు మంజూరైంది. ఇంతలో ఎవరో మహానుభావుడు 'ఆ పల్లెలో చేపలు ఎండబెట్టేవాళ్లు ఎవరూ మిగల్లేదు, అందరూ రొయ్యల చెరువుల్లో పనికి పోతున్నారు' అని రాసి పంపాడు. గురువారం సాయంత్రం నాలుగింటికల్లా ఆ పని చేసే ఆడవాళ్లందరి ఫోటోలు, పేర్లు మచిలీపట్నం ఆఫీసులో చూపించాలని, లేకపోతే మంజూరు వెనక్కి పోతుందని కబురొచ్చింది. కబురు అందేసరికి మంగళవారం పొద్దుపోయింది.

ఫోటోలు తీయడానికి డిజిటల్ కెమెరా అరువు దొరికింది. పల్లెలో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇక తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా కారులోనే ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టుకోవాలి. దానికి ఇన్వర్టరు పెట్టె కావాలి. అది కారు బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చి ఇస్తుంది. బుధవారం పొద్దున్నే బస్సెక్కి గుడివాడ వెళ్లాను. లారీలకూ ట్రాక్టర్లకూ వైరింగు చేసే మేస్త్రీ ఒకాయన అక్కడ ఉన్నాడు.

నేను అడిగింది విని ఆయన, ఆయనతోపాటు టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నా ఛార్జరు బల్ల మీద పెట్టి, "నవ్వడం అయ్యాక చెప్పండి, కూర్చుంటాను" అన్నాను. మేస్త్రీ నవ్వు ఆపి, ఛార్జరు మీద ఉన్న వాట్లు చూసి, దానికి రెట్టింపు మోయగల పెట్టె ఒకటి తీశాడు.

"ముందు ఇంజన్ స్టార్టు చెయ్యాలండీ. తర్వాత ఈ పెట్టె స్విచ్చి. ఆఖర్న మీ ఛార్జరు పిన్ను. ఆపేటప్పుడు ఇదే వెనకనించి. పిన్ను పీకకుండా ఇంజన్ మాత్రం ఆపొద్దు, స్టార్టు చెయ్యొద్దు. స్టార్టు కొట్టినప్పుడు బ్యాటరీ ఒక్క గుంజు గుంజుద్ది. ఆ టైములో మీ మిషను తగిలించి ఉంటే దాని పని అయిపోద్ది."

పెట్టెతో వచ్చిన క్లిప్పులు తీసేసి వాటి బదులు వైర్లకు కొక్కేలు వేశాడు. క్లిప్పులైతే కుదుపుకు ఊడి ఇనుముకు తగిలి నిప్పు పుడుతుందట. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలన్నాడు. పెట్టె మీద గుడ్డ కప్పకూడదు, ఒళ్లో పెట్టుకోకూడదు, గాలి తగలాలి. "ఎర్ర వైరు ప్లస్సుకి, నల్లది మైనస్సుకి. తిరగేశారో ఫ్యూజు పోద్ది. అదృష్టం బాగుంటే ఫ్యూజు ఒక్కటే పోద్ది" అంటూ ఇంకో ఫ్యూజు నా చేతిలో పెట్టాడు. అన్నీ ఒక కాగితం మీద రాసుకుని, బస్సులో చల్లపల్లి దాకా బట్టీపట్టాను.

గురువారం ఆరింటికి పాత అంబాసిడర్ టాక్సీలో బయల్దేరాం. దాని డ్రైవరును మా ఊళ్లో అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. మంచి మనిషి, కానీ కారు విషయంలో ఎవరి మాటా వినడు. పల్లెకు చేరేసరికి నేను భయపడినట్టే అయింది. రెండు రోజుల కిందటి గాలివానకు స్తంభాలు ఒరిగిపోయి పల్లె మొత్తానికి కరెంటు లేదు.

అయినా పని మొదలుపెట్టాం. ఒక్కొక్కరూ తన చేపల ముందు నిలబడి, చేతిలో నంబరు రాసిన పలక పట్టుకుంటే నేను ఫోటో తీశాను. నలభై ఒక్కమంది. కెమెరాలో చోటు నిండినప్పుడల్లా ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఇక పేర్లు టైపు చేయాలి. ఆరు పేర్లు కొట్టానో లేదో తెర నల్లబడిపోయింది.

సరే, దీనికోసమేగా గుడివాడ వెళ్లింది అనుకున్నాను. బాబాయ్‌ను కారు బానెట్ ఎత్తమన్నాను. బ్యాటరీకి వచ్చే కేబుళ్లు రెండూ గ్రీజు పట్టి నల్లగా ఉన్నాయి. బ్యాటరీ తలలు రెండూ తెల్లటి ఉప్పు పేరుకుపోయి ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం ఎర్రగా, చక్కగా, రూపాయి బిళ్లంత రంగు కనిపించింది. అమ్మయ్య, ప్లస్సు తెలుస్తూనే ఉంది అనుకుని ఎర్ర వైరు దాని నట్టు కింద బిగించాను. నల్లది రెండోదానికి తాకించానో లేదో ఫట్‌మంది. కాలిన వాసన వచ్చింది.

"ఎర్రది ప్లస్సే కదా, బాబాయ్ గారూ?" అన్నాను.

"ఎర్రదా? అది దసరాకి పెట్టిన బొట్టండీ, అమ్మాయిగారూ."

"ప్లస్సుకే పెట్టారా?"

"ప్లస్సో మైనస్సో నాకేం తెలుసండీ? చెయ్యి అందినవైపు పెట్టాను."

ఆ క్షణంలో నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కోపం ఆయన మీద కాదు, నా మీదే. రాసుకున్న కాగితం చేతిలో ఉంచుకుని, బ్యాటరీ మీద గుర్తు వెతక్కుండా బొట్టు చూసి వైరు బిగించాను. మా వైపు దసరాకు సైకిలు నుంచి వరికోత మిషను దాకా అన్నింటికీ బొట్టు పెడతారని తెలియనిదాన్ని కూడా కాదు. మిగిలింది ఒక్క ఫ్యూజు. ఆడవాళ్లందరూ నా మొహం చూస్తున్నారు. వాళ్ల సంఘానికి పెద్దగా ఉన్న ఆవిడ, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఇసుకలో చతికిలబడింది.

"మూడేళ్లు తిరిగాం గదమ్మా. ఇంక ఎల్లిపోయినట్టేనా?" అంది.

"ఎక్కడికీ పోలేదు" అని బాబాయ్ భుజం మీది తువ్వాలు అందుకుని, ఒక కొస నీళ్లలో తడిపాను. ఆయన అడ్డం వచ్చాడు.

"బొట్టు తుడవద్దండీ! ఏడాదంతా ఈ బండిని కాచేది అదే."

నేను ఏదో గట్టిగా అనబోయాను. ఈలోపు పెద్దమ్మే లేచింది. "తల్లికి బొట్టు మొకాన పెట్టాలిగానీ అందిన కాడల్లా పెడతారా? తుడువమ్మాయ్. మల్లీ సరైన సోట పెడదాం" అంది. ఆయన పక్కకు జరిగాడు.

తుడిచాక ఉప్పు కింద చిన్న అడ్డగీత బయటపడింది. మైనస్. రెండోదాని దగ్గర గోకితే ప్లస్ గుర్తు కనిపించింది. ఒకటికి మూడుసార్లు చూశాను, పెద్దమ్మకూ చూపించాను. వైర్లు మార్చి బిగించి, ఆఖరి ఫ్యూజు పెట్టాను. ఇంజన్ స్టార్టు చేయించాను. పెట్టె స్విచ్ నొక్కితే ఆకుపచ్చ దీపం వెలిగింది. పిన్ను గుచ్చితే ల్యాప్‌టాప్ అంచున నారింజ రంగు చుక్క మెరిసింది. నలభై ఒక్కమంది ఒకేసారి అరిచిన అరుపు ఇంజన్ చప్పుడును మింగేసింది. నేనైతే ఎగిరి గంతేశాను, దాచడమెందుకు. బాబాయ్ స్టీరింగు దగ్గరి భరిణె తీసి, ఇంజన్ ఆడుతుండగానే వంగి, ఈసారి నన్ను అడిగి ప్లస్సుకు బొట్టు పెట్టాడు.

వైరును కిటికీలోంచి లోపలికి తెచ్చి, పెట్టెను నా కాళ్ల దగ్గర చెక్క మీద పెట్టాక మచిలీపట్నం బయల్దేరాం. పెద్దమ్మ వెనక సీట్లో నా పక్కన కూర్చుని పేర్లు చెబుతుంటే నేను కొడుతున్నాను. దుమ్ము పడుతోందని ఆవిడ తన పైట కొంగు పెట్టె మీద కప్పబోతే గట్టిగా కేకేశాను. ఆవిడ ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, "సెప్పొచ్చుగా, అరవటమెందుకు?" అంది. చాలామందిని పల్లెలో ముద్దుపేర్లతోనే పిలుస్తారు. రేషను కార్డులో ఉన్న పేరు గుర్తు తెచ్చుకోవడానికి ఆవిడకు ఒక్కో చోట అరమైలు పట్టేది. ఆఖరికి తన పేరు చెప్పేటప్పుడు సిగ్గుపడింది. ఆ పేరుతో తనను ఎవరైనా పిలిచి నలభై ఏళ్లయిందట.

కోడూరు దాటాక ఒక కాలువ వంతెన దిగుతుండగా ఇంజన్ చప్పుడు హఠాత్తుగా ఆగిపోయింది. కాళ్ల దగ్గర పెట్టె కుయ్‌మంది. నేను ఉలిక్కిపడి పిన్ను పీకాను.

"ఏం చేశారు?"

"దిగుడే కదండీ. కాసేపు ఆపితే డీజిలు మిగులుద్ది."

బల్లపరుపు నేలలో కూడా దిగుడు వెతుక్కునే మనిషి ఆయన ఒక్కడే. "ఇంకోసారి ఇంజన్ ఆపారంటే దిగి నడిచిపోతాను" అన్నాను.

"ఆ పెట్టె కూడా ఎత్తుకునా అండీ?" అన్నాడు అమాయకంగా. పెద్దమ్మ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ ఒప్పుకోలేదు. పాపం ఆయన తప్పు కూడా కాదు, వంతెన కనబడితే చెయ్యి దానంతటదే తాళం చెవి మీదికి పోయేది. అందుకని పెద్దమ్మ ముందుకు వంగి కాపలా కూర్చుంది. వంతెన వచ్చినప్పుడల్లా "సెయ్యి!" అని గద్దించేది, ఆయన చెయ్యి వెనక్కి వచ్చేది. అవనిగడ్డ చేరేసరికి పేర్లన్నీ అయిపోయాయి, ఛార్జింగ్ సగం దాటింది.

చల్లపల్లిలో టీకి ఆగేముందు బాబాయే వెనక్కి తిరిగి, "పిన్ను పీకారా అండీ? ఆపమంటారా?" అని అడిగాడు. నాకు అది గుడివాడ మేస్త్రీకి చూపించాలనిపించింది. ఎండలో మూసిన కారులో వదలకుండా ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకునే టీ తాగాను.

మచిలీపట్నం ఆఫీసులో అడుగుపెట్టేసరికి నాలుక్కి పది నిమిషాలుంది. ఛార్జింగ్ నిండుగా ఉంది. గుమస్తా మా వైపు చూడకుండానే, "సీడీలో పెట్టి ఇవ్వండి, మా కంప్యూటర్లో చూస్తాం" అన్నాడు. ఒక కంప్యూటర్లో కొట్టిన తెలుగు ఇంకోదాంట్లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపించే రోజులవి. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలా అనుకుంటుండగా టక్కున ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆయన కంప్యూటరు ఆరిపోయింది.

"కరెంటు పోయింది. రేపు రండి" అన్నాడు ఎంతో హాయిగా.

"రేపటికి మంజూరు ఉండదు కదండీ" అంటూ నేను నేరుగా అధికారి గదిలోకి నడిచాను. చీకటిపడిన ఆ గదిలో ఆయన బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఒక్కొక్క ఫోటో చూడసాగాడు. గుమస్తా కూడా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పదిహేడో నంబరు ఎవరు?" అన్నాడు అధికారి పరీక్షగా.

పెద్దమ్మ తెర వైపు చూడలేదు. ఆ పదిహేడో నంబరు మనిషి పేరు, ఇంటిపేరు, ఆమె ఎండబెట్టే చేప ఏదో, ఏ సంతకు తీసుకెళ్తుందో గడగడా చెప్పింది. ఆయన ఇంకో నాలుగు నంబర్లు అడిగాడు. నాలుగింటికీ అదే జవాబు. ఎవరో రాసిన ఉత్తరం అబద్ధమని ఆయన మొహంలోనే తెలిసిపోతోంది.

"కరెంటు లేదుగా, ఇదెంతసేపు పనిచేస్తుందమ్మా?" అని అడిగాడు.

"మీరు సంతకం పెట్టేదాకా పనిచేస్తుందండీ."

ఆయన నన్ను కళ్లద్దాల మీదుగా చూసి, నవ్వి, కలం మూత తీశాడు. పని మొత్తం పాతిక నిమిషాల్లో అయిపోయింది. మెట్లు దిగుతూ పెద్దమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. బాబాయ్ మా మొహాలు చూసే సంగతి గ్రహించి, నడిరోడ్డులో హారను మోగించాడు.

వేసవి మొదట్లో కబురు పెడితే పల్లెకు వెళ్లాను. ఊరి చివర ఎత్తుగా, తెల్లగా, పొడుగ్గా గచ్చు. దాని మీద నిండుగా ఆరబోసిన చేపలు, వాటి మధ్య ఆడవాళ్లు. నేను కట్టించినంత గర్వంగా చకచకా ఎక్కబోయాను. పైనుంచి పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పులిప్పి ఎక్కమ్మాయ్. ఇది మాది."