ముంజెకాయ బండి పందెంలో గెలిచింది నేనే

మా చిన్నతనంలో ముంజెలు తినేది నోటి రుచికి కాదు... బండి కోసం.

ముంజెలు తోడుకుని తిన్నాక మిగిలిన రెండు కాయలకూ మధ్య ఒక పుల్ల గుచ్చితే అవే చక్రాలు. ఆ పుల్ల మీద పంగల కర్ర ఆనించి, తోసుకుంటూ పరిగెత్తడమే. మంగినపూడి దగ్గర సముద్రం ఒడ్డున మా పల్లె. ఎండాకాలం వచ్చిందంటే ఏ పిల్లాడి చేతిలో చూసినా ఆ బండే... నా చేతిలో కూడా.

నాకప్పుడు పదేళ్ళు. ఆ ఏడు మా ఊరి పెద్ద కొత్త పడవ దింపుతున్నాడు. వరసకు నాకు పెదనాన్న. బండి పందెంలో ఎవరు గెలిస్తే వాళ్ళను ఆ పడవలో కూర్చోబెట్టి, అలలు దాటించి తీసుకొస్తానన్నాడు.

మా పల్లెలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. మా అమ్మ ఆ పడవలు తెచ్చిన చేపలనే గంపకెత్తుకుని బందరు బజారు దాకా నడిచేది. పడవ అంచు మీద చెయ్యి మాత్రం వేసి ఎరగదు. నాకేమో అలల అవతల నుంచి మా ఇల్లు ఎలా కనపడుతుందో చూడాలని ఒకటే ఆశ...

పందెం పడవల దగ్గర నుంచి సరుగుడు తోట దాకా. మధ్యలో, నీళ్ళ ఒడ్డు నుంచి ఇసక మెరక దాకా, వల పొడుగ్గా ఆరేసి ఉండేది. మగపిల్లలు బండి చేత్తో ఎత్తుకుని ఒక్క గెంతులో దాటేసేవాళ్ళు. ఆడపిల్ల వల దాటితే చేప పడదని మా వాళ్ళ పట్టింపు. అందుకని నేను నీళ్ళ వైపు కొస దాకా వెళ్ళి చుట్టి రావాలి. ప్రతిసారీ కడగొట్టుదాన్ని నేనే.

ఆ రోజు మా మేనత్త కొడుకు వెంకన్న బావ నా పక్కనే నిలబడ్డాడు.

"నీకెందుకే ఈ పందెం? తోట కాడ మాకు మంచినీళ్ళు పట్టుకుని నిలబడరాదూ?"

"ముందు నీ చక్రం ఊడకుండా చూసుకో బావా!"

పెదనాన్న తువ్వాలు ఊపాడు. మగపిల్లలంతా తిన్నగా పొడి ఇసకలో పడి పరిగెత్తారు. నేను అటు వెళ్ళలేదు. ఎలాగూ వల చుట్టి రావాల్సిన దాన్నే కదా... మొదటి అడుగులోనే నీళ్ళ ఒడ్డుకు దిగాను. తడి ఇసక గట్టిగా ఉంటుంది, చక్రం దిగబడదు. బండి నాకంటే ముందు ఉరికింది. వల కొస దగ్గర పాదాలు తడుపుకుంటూ తిరిగి, తోటకు పైకెక్కి, సరుగుడు చెట్టును పట్టుకుని వెనక్కి చూస్తే... బావ ఇంకా ఇసకలో బండిని ఈడుస్తున్నాడు!

పెదనాన్న గడ్డం గోక్కున్నాడు. "ఇది చెల్లదు. అందరూ దాటిన వల నువ్వు దాటలేదు. దారి తప్పి వచ్చావు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు.

"దాటితే చేప పడదంటివి. దాటకపోతే పందెం చెల్లదంటున్నావు. మరి నేనెట్టా పరిగెత్తాలి పెదనాన్నా?"

నేను బండి ఎత్తుకుని వెనక్కి వెళ్ళాను. అందరూ చూస్తుండగా ఆ వలను ఇటు నుంచి అటు గెంతాను. అటు నుంచి మళ్ళీ ఇటు గెంతాను. మా నాన్న చెయ్యెత్తుకుంటూ వచ్చాడు. మా అమ్మ అడ్డం నిలబడింది.

"పిల్ల మీద చెయ్యి పడిందంటే, రేపు నీ చేపలు నువ్వే గంపకెత్తుకుని బందరు పో!"

నాన్న చెయ్యి దిగింది.

పడవ మాత్రం నా వెనక వచ్చిన బావే ఎక్కాడు. అలలు దాటి వచ్చి, వాంతి చేసుకుంటూ దిగాడు. మర్నాడు తెల్లారి అదే వల వేశారు. చేప పడింది. రోజూ ఎంత పడేదో అంతే పడింది. ఆ సంగతి మాత్రం పల్లెలో ఎవరూ ఎత్తలేదు...

తర్వాత ఆ బావనే చేసుకున్నాను. యాభై ఏళ్ళు దాటింది. పిల్లల్ని పెంచాం, తుఫాన్లు చూశాం. నేనే గెలిచానన్న ఒక్క మాట మాత్రం ఆయన ఒప్పుకోడు. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. ఇప్పుడు కూడా మంచం మీద నుంచి, "దారి తప్పి గెలిచిందని రాయవే అమ్మాయ్" అంటున్నాడు.

మొన్న ఈ పిల్లే నాకు ఫోన్‌లో, ఒక్క మనిషి పట్టే బుల్లి కార్ల పందెం చూపించింది. ముందుగా వచ్చిన కారులోంచి దిగి హెల్మెట్ తీస్తే... జడ! ఆడపిల్ల! చుట్టూ చప్పట్లే. నువ్వు వచ్చిన దారి చెల్లదని ఒక్కరూ అనలేదు. ఎంత మారిపోయిందో లోకం అనుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా, అది రాయొద్దన్నా రాసేసింది.

మీలో గెలిచీ ఓడినవాళ్ళు ఉంటే ఆ పందెం సంగతి కింద రాయండి. అందరి ముందూ చెప్పుకోండి, ఇంకా ఎందుకు దాచుకోవడం? ఈ పిల్ల అన్నీ చదివి వినిపిస్తుంది. ఆయనకు కాస్త చెవుడు, గట్టిగా చదవమంటాను.

ఆ రోజు ఆ ఒడ్డున ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే... నేను గెలిచానని చెప్పాల్సిన మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. చెప్పకుండా ఎక్కడికి పోతాడో నేనూ చూస్తాను.